చిలక కోసం లేపిన పొదుగుకోడి

పొదుగు మీదున్న కోడిని లేపకూడదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెడతారు. అట్లాంటి కోడిని నేను రెండు చేతులా పట్టుకుని లేపాను. ఉరుము వల్ల కాని పని నా వల్ల అయింది.

కారణం ఒక చిలక. మాచర్లలో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. బేరాలు లేని మధ్యాహ్నాల్లో ఫోను చూస్తూ కూర్చుంటాను. ఒకరోజు అందులో నీలం రెక్కలు, పసుప్పచ్చ పొట్ట ఉన్న విదేశీ చిలక కనబడింది. పేరు మకావ్. వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ నమస్తే అంటోంది. అమ్మేవాడు దానికి మేకపోతు కన్నా తక్కువ ధర చెప్పాడు. అనుమానం రావలసిన చోట నాకు ఆశ వచ్చింది.

ముందు అడ్వాన్సు పంపాను. తరువాత పెట్టెకని అడిగితే పంపాను. ఆ తరువాత టీకా అన్నాడు. ఇంట్లో వేరే పక్షులు ఉంటేనే టీకా వేయించాలని, లేకపోతే అక్కర్లేదని తనే చెప్పాడు. టీకాకు డబ్బు కట్టడం కన్నా ఇంట్లో కోడే లేకుండా చేస్తే సరిపోతుంది కదా అని తోచింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆ కోడి వంశం మా ఆవిడతో పాటే ఈపూరు నుంచి మా ఇంటికి కాపురానికి వచ్చింది. ఈ ఏడు తెగులు తగిలి పుంజుతో సహా అన్నీ పోయాయి. మిగిలింది ఈ ఒక్క పెట్ట, దాని కింద గుడ్లు. అవి పిల్లలైతేనే వంశం నిలుస్తుంది. ఆవిడ పొద్దున్నే గంప ముందు కూర్చుని దాన్ని పలకరించాకే నన్ను పలకరించేది.

ఆవిడ చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనుకు ఊరెళ్ళిన మర్నాడు పొద్దున్నే నేను కోడిని బుట్టలో పెట్టుకుని ఈపూరు బస్సెక్కాను. అంతకుముందే గుడ్లను నా పాత లుంగీలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. లుంగీ వెచ్చగా ఉంటుందని నా సిద్ధాంతం. మా అత్తగారు కోడిని అందుకుని పొట్ట కింద చూసింది. పొదుగుకోడిని ఎందుకు లేపావని అడిగింది. గాలిమార్పు కోసం అన్నాను.  నేను తిరుగు బస్సెక్కగానే కూతురికి ఫోను చేసిందని తరువాత తెలిసింది.

ఆ మధ్యాహ్నమే చిలకను రైలెక్కించామని, సాయంత్రానికి దింపుకోమని కబురొచ్చింది. మా ఊరు ఆ రైలుకు చివరి స్టేషను. చిలక నిద్రపోయినా దాటిపోయే భయం లేదని నిశ్చింతగా ఉన్నాను. పక్క వెల్డింగ్ షాపులో చేయించిన పంజరం చేత్తో, వేరుశనక్కాయలు జేబులో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలొచ్చింది. మా ఆవిడ దిగింది.

నన్ను, పంజరాన్ని మార్చి మార్చి చూసింది.

"నా కోసమేనా?"

మాట్లాడే చిలక కోసమని చెప్పాను. అంతలో ఫోను మోగింది. చిలకను దారిలో ఆపేశారట, వదలాలంటే ఇంకొంచెం పంపాలట. మా ఆవిడ ఫోను లాక్కుంది.

"మాట్లాడే చిలకంటివి గదా. ఫోను దానికియ్యి, నేను మాట్లాడతా."

అవతల ఫోను చేతులు మారినట్టు గరగరమంది. తరువాత సన్నటి గొంతు నమస్తే అంది.

"ఏం తిన్నావే?"

"మిరపకాయ."

నాకు కళ్ళు చెమర్చాయి. "ఏమే, దానికి తెలుగు కూడా వచ్చే" అన్నాను. ఈలోగా చిలక దగ్గడం మొదలుపెట్టింది. అచ్చమైన బీడీ దగ్గు. ఆగకుండా దగ్గింది.

"ముందు బీడీ మానుకో నాయనా" అని మా ఆవిడ ఫోను కట్టేసి, గుడ్లెక్కడని అడిగింది. బియ్యం డబ్బాలో అని చెప్పాను. ఆ తరువాత ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇంటికి వెళ్ళేసరికి గుడ్లు చల్లబడి ఉన్నాయి. ఆవిడ వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోసం చేసింది ఆ ఫోనులో మనిషే. కానీ కోడిని లేపమని అతను చెప్పలేదు. ఆ పని పూర్తిగా నా సొంతం.

పంజరంలో వరి పొట్టు పరిచి, బల్బు కట్టి, గుడ్లను అందులో పెట్టాను. మర్నాడే వెళ్ళి కోడిని తెచ్చాను. అది గుడ్ల వంక చూడలేదు, నన్ను మాత్రం పొడిచింది. ఇక పొదిగే పని నాదే అయింది. షాపుకు కూడా పంజరం మోసుకెళ్ళి, మోటార్ల మధ్య పెట్టుకుని గుడ్లు తిప్పుతూ ఉండేవాణ్ణి. పనికి వచ్చిన రైతులు పొదుగు ఎప్పుడు దిగుతావని నన్నే అడిగేవారు. మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన పశువుల డాక్టరు మాత్రం సంగతంతా విని నవ్వలేదు. విదేశీ పక్షులకు కాగితాలుండాలని, పిట్టను ఎదురుగా చూడకుండా పైసా ఇవ్వకూడదని చెప్పి పోలీసు ఫిర్యాదు కూడా రాయించాడు. డబ్బు రాలేదు. డాక్టరు మాట మాత్రం ఇప్పుడు షాపుకొచ్చే ప్రతివాళ్ళకూ అడగకపోయినా చెబుతున్నాను.

చాలా గుడ్లు మురిగాయి. రెండు మాత్రం పగిలి పిల్లలయ్యాయి. బయటికొచ్చిన పిల్లలు ముందుగా చూసింది నన్నే కాబట్టి నా వెనకాలే పడ్డాయి. స్నానాల గదికి వెళ్తే తలుపు బయట కూర్చుని అరిచేవి. అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది.

"తల్లివి గదా. గద్ద రాకుండా చూసుకో."

గొడుగు పట్టుకుని వాకిట్లో వాటిని తిప్పాను. వీధంతా చూసింది. చూడనిచ్చాను. కానీ రెండూ పెట్టలైతే వంశం అక్కడితో సరి. ఆవిడ రోజూ వాటి తలలు నిమిరి పుంజుకొచ్చే ఎర్ర జుట్టు మొలిచిందేమోనని చూసేది. నేనూ దొంగచాటుగా చూసేవాణ్ణి.

మొన్న పొద్దున వాటిలో ఒకటి గోడెక్కి మెడ చాచింది. కూత సరిగా రాలేదు, బొంగురుగా దగ్గినట్టు వచ్చింది. లోపల మా ఆవిడ చేతిలో గిన్నె జారిన చప్పుడు వినబడింది, ఆ వెంటనే నవ్వు.

"ఏమయ్యా, విన్నావా? నీ చిలక మాట్లాడతంది."