హెలెన్ చెప్పాలనుకున్న మాట

హెలెన్ ఇప్పుడు గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయి నోరు తెరవకముందే "మీకు నేను నచ్చానా లేదా, ఇప్పుడే చెప్పండి" అని అడిగేస్తుంది. ఇప్పటికి ఇద్దరు అలాగే లేచి వెళ్ళిపోయారు. ఈ పిల్లకింత తెగువ ఎక్కణ్ణించి వచ్చిందోనని వాళ్ళమ్మ కొండమ్మత్త నెత్తి కొట్టుకుంటోంది. ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. నా పేరు సఫూరా, వాళ్ళ పక్కవీధిలో కుట్టుమిషను నాది. ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలూ రహస్యాలూ నా దగ్గరే ఉంటాయి. కొలతలైతే మారుతుంటాయి.

ప్రత్తిపాడు అవతల మాది నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప మూడో మాట లేదు. కొండమ్మత్త కాయకోతకు మనుషుల్ని కూడగట్టి తీసుకెళ్ళేది. పెద్దకూతురు షారోన్ గుంటూరులో నర్సింగు చదివేది. చిన్నది హెలెన్, నేనూ ఒకే బెంచీ. పదో తరగతి దసరా సెలవుల్లో మా అన్న ఫోన్లో ఒక థాయ్ సినిమా చూశాం. కింద ఇంగ్లీషు అక్షరాలు మేము కూడబలుక్కునేలోపే మాయమైపోయేవి. అయినా కథ తెలిసింది. ఎవరి కంటికీ ఆనని ఒక బడిపిల్ల, పై తరగతిలో ఒక అందగాడు. వాడి కోసం ఆ పిల్ల తనను తాను మార్చుకుంటూ పోతుంది. నాకు నవ్వొచ్చింది. హెలెన్ మాత్రం చున్నీ చివర నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సినిమా చూసి ఏడ్చేవాళ్ళ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. వాళ్ళ ఏడుపు సినిమా కోసం కాదు.

హెలెన్ ఏడుపు జయపాల్ కోసం. ఐటీఐ చదువుతూ ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. పొడుగ్గా ఉండేవాడు. అంతకుమించి అతనిలో నాకేమీ కనబడలేదు. కనబడాల్సింది నాకు కాదు గనక ఆ సంగతి వదిలేస్తాను.

వచ్చిన చిక్కల్లా పాస్టరు ఇమ్మానియేలు గారి దగ్గర. చర్చి యూత్‌లో మగపిల్లలంతా బ్రదర్లు, ఆడపిల్లలంతా సిస్టర్లు. పేరు పెట్టి పిలిస్తే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

"జయపాల్ బ్రదర్, జయపాల్ బ్రదర్ అంటుంటే ఇంక ప్రేమెక్కడ పుడుద్దే?" అని హెలెన్ నా దగ్గర వాపోయేది. కొన్నాళ్ళు అసలేమీ పిలవకుండా గడిపింది. అవసరమొస్తే దూరంనుంచి "ఇదిగో, ఇదిగో" అనేది. కోళ్ళను అదిలించినట్టుండేది. అతను దగ్గరికొచ్చి "ఏంటి సిస్టర్?" అనగానే పారిపోయేది.

సినిమాలో పిల్లలాగే తనూ మారాలనుకుంది. పెరుగులో శెనగపిండి కలిపి ముఖానికి పట్టించింది. సెలవురోజుల్లో కాయకోతకు వెళ్ళేటప్పుడు ఎండ తగలకుండా కళ్ళు మాత్రం కనబడేట్టు చున్నీ చుట్టుకుంది. "ఏమే, కాయలు కోయడానికొచ్చావా, బ్యాంకు దోచడానికా?" అని కొండమ్మత్త చేనంతా వినపడేట్టు అడిగింది. పిల్ల రంగు మారలేదు గానీ, కోసిన కాయలు మాత్రం తగ్గాయి.

ఫిబ్రవరిలో చర్చి యూత్‌కి వాలీబాల్ పోటీలు పెట్టారు. ఆట అయ్యాక జయపాల్ చేతికి ఒక చేతిరుమాలు ఇచ్చి, ఆ చేత్తోనే మనసులో మాట చెప్పేయాలని హెలెన్ తీర్మానించుకుంది. నా దగ్గర నీలం దారం తీసుకుని మూల మీద పువ్వు కుట్టింది. కుట్టు వంకరగా ఉందంటే విననే లేదు. దాన్ని సబ్బుతో ఉతికి, వాళ్ళమ్మ పని చేస్తున్న కల్లంలో తాడు మీద ఆరేసింది. కింద పట్టాల మీద ఎర్రగా మిరపకాయలు. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళు పారలతో కాయల్ని తిరగేశారు. దుమ్ము లేచింది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళ ముక్కుకు మిరప ఘాటు ఒక వాసన కాదు. మాకు గాలంటేనే అది. హెలెన్ సాయంత్రం వెళ్ళి రుమాలు తీసి, వాసన చూసి, సబ్బు వాసనే వస్తోందని మురిసిపోయి మడతపెట్టుకుంది.

ఆట అయిపోయింది. జయపాల్ చెమటలు కక్కుతూ వచ్చాడు. హెలెన్ రుమాలు చాచింది. "థాంక్స్ సిస్టర్" అంటూ అతను ముఖమంతా గట్టిగా తుడుచుకున్నాడు. చెప్పాల్సిన మాటకు హెలెన్ ఇంకా ఊపిరి పీలుస్తోంది. అంతలోనే అతను "అమ్మా!" అని కేకపెట్టి కళ్ళు మూసుకుని నేలమీద కూర్చుండిపోయాడు.

జనం మూగారు. ఒకడు మజ్జిగ పొయ్యమన్నాడు, ఇంకొకడు కొబ్బరినూనె అన్నాడు. సెలవుకి ఇంటికొచ్చిన షారోన్ వాళ్ళను తోసుకుంటూ వచ్చింది. "తప్పుకోండ్రా! మజ్జిగా లేదు, మన్నూ లేదు. మంచినీళ్ళు తెండి" అని కసిరింది. అతని తల ఒక చేత్తో పట్టుకుని, రెప్పలు విప్పదీసి, కళ్ళల్లో నీళ్ళు పోస్తూనే ఉంది. చాలాసేపటికి అతను కళ్ళు తెరిచాడు. తెరవగానే కనబడింది షారోన్ ముఖం. హెలెన్ అప్పటికి గోల్‌పోస్టు చాటున ఉంది. ఆ గ్రౌండులో గోల్‌పోస్టు ఎందుకుందో ఎవరికీ తెలియదు గానీ, ఆ రోజు దానికో పని దొరికింది.

నాకప్పుడే కొంత అర్థమైంది. హెలెన్‌కి అర్థం కాలేదు. తర్వాత జయపాల్ ఎప్పుడు ఎదురుపడినా "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగేవాడు. ఆ 'అందరూ' అన్నది తన కోసమేనని హెలెన్ నమ్మింది. ఇంటరు అయింది, డిగ్రీ అయింది. ప్రతి క్రిస్మస్‌కీ ఈసారి చెప్పేస్తాననేది. గౌను కుట్టించుకునేది. కొలతలు నేనే తీసుకునేదాన్ని. చెప్పకుండానే జనవరి వచ్చేసేది. నాకు విసుగొచ్చేది. నేనే వెళ్ళి చెప్పేస్తానంటే మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని "ఒద్దే, నేనే చెప్పాలే. అతను ఔనన్నా కాదన్నా సరే, నా నోటితో నేనే చెప్పాలి" అనేది. ఆ పిల్ల కోరుకున్నదల్లా అంతే.

జయపాల్‌కి దాచేపల్లిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను ఉద్యోగం వచ్చింది. వెళ్ళేరోజు పొద్దున్నే బస్సు స్టేజీ దగ్గరికి హెలెన్ వెళ్ళింది, తోడుగా నన్నూ లాక్కెళ్ళింది. అతను మమ్మల్ని చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు. హెలెన్ "మీకొక మాట..." అనే వరకు వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను, నిజంగా అనేదే.

"నేనే నీకోసం కబురు పెడదామనుకున్నా, హెలెన్ సిస్టర్" అన్నాడతను. "ఒక సాయం చెయ్యాలి. షారోన్‌కి నేనంటే ఇష్టమేనేమో కనుక్కుని చెప్తావా? ఎదురుపడి అడగాలంటే నోరు రావట్లా."

షారోన్ పేరు పక్కన సిస్టర్ లేదు. ఆ సంగతి నేనూ గమనించాను, హెలెనూ గమనించింది. "అడుగుతానండీ" అంది. బస్సొచ్చింది. అతను కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఇద్దరం తిరిగొస్తుంటే "చెప్పాలనుకున్నదేదో అప్పుడే చెప్పెయ్యకపోయావా?" అన్నాను. "అక్కని అడగమన్నాడుగా. ముందది అడగనీ" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

ఇంటికి వెళ్ళి అక్కనడిగింది. షారోన్ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయి, "అమ్మేమంటే అదే" అంది. అంటే ఇష్టమనే. హెలెనే దాచేపల్లికి ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాత ఇమ్మానియేలు గారు రెండిళ్ళవాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడారు. ఏప్రిల్లో, కాయలన్నీ గుంటూరు మిర్చియార్డుకి వెళ్ళిపోయాక, పెళ్ళి.

పెళ్ళిబట్టలు నేనే కుట్టాను. చర్చిలో ప్రమాణాలు అయ్యాయి, ప్రార్థన అయింది. షామియానా కింద భోజనాల దగ్గర సందడి మొదలైంది. మా వైపు బావను ఆటపట్టించడం మరదలి హక్కు. ఎంత మాటన్నా తప్పుపట్టరు. అనకపోతేనే ఆ పిల్లకు ఒంట్లో బాగా లేదేమో అనుకుంటారు. హెలెన్ పొద్దుటినుంచీ విస్తళ్ళు, మంచినీళ్ళు అంటూ తిరుగుతోందే తప్ప నోరు మెదపలేదు. ఆడవాళ్ళు ఊరుకోలేదు.

"ఏమే హెలెనూ, నిన్నటిదాకా బ్రదరన్నావ్. ఇయ్యాళ బావ. ఒక్క మాటైనా అనవేం?"

హెలెన్ చేతిలో లడ్డూల పళ్ళెం ఉంది. పెళ్ళికొడుకు విస్తరి ముందుకొచ్చి నిలబడింది. పక్కన షారోన్ తల వంచుకుని నవ్వుతోంది. హెలెన్ అతని కళ్ళలోకి చూసింది. అన్నేళ్ళలో అతన్ని అలా చూడటం నేనెన్నడూ చూడలేదు.

"పదో తరగతి నుంచీ నువ్వంటే నాకు ప్రాణం బావా. అక్కకంటే ముందునుంచీ" అంది.

షామియానా అంతా ఒక్కసారి గొల్లుమంది. కొండమ్మత్త నవ్వలేక పొట్ట పట్టుకుంది. "అదీ, అదీ మా పిల్లంటే!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. ఇమ్మానియేలు గారు కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వారు. షారోన్ చెల్లెలి చేతిమీద చిన్న దెబ్బ వేసింది.

జయపాల్‌కి కొత్త హోదా అప్పుడే వంటబట్టింది. "మరి అప్పుడే చెప్పొద్దా మరదలా? ఇద్దర్నీ చేసుకునేవాణ్ణిగా!" అన్నాడు. నవ్వులు ఇంకా పెరిగాయి.

హెలెన్ ఆ నవ్వులు సద్దుమణిగేదాకా అక్కడే నిలబడింది. అతని విస్తట్లో లడ్డూ వేసింది. పక్క విస్తరికి వెళ్ళింది, ఆ పక్కదానికి వెళ్ళింది, బంతి పూర్తిగా వడ్డించి ఖాళీ పళ్ళెంతో నా దగ్గరికొచ్చింది. పళ్ళెం నేనందుకున్నాను.

"అందరూ విన్నారుగా" అంది హెలెన్. "అతనూ విన్నాడుగా సఫూరా. ఇంకెలా చెప్పాలే?"