ఒక్కో ఊరు ముందే దిగిపోయిన మామ

మా మామ పోయాడన్న కబురు అత్తే ఫోన్లో చెప్పింది. కుప్పంలో నేను వార్డెన్‌గా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో అప్పుడు టిఫిన్ వేళ. "మీ మామ లేడమ్మా. తెల్లారి లేపితే లేయలే" అంది. ఆ వెంటనే అలవాటుగా "తిన్యావా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఫోన్ పెట్టేసి, చట్నీలో ఉప్పు చూడమని వంటామెకు చెప్పాను. ఆ తర్వాతే సంచి సర్దుకున్నాను.

బస్సులో ఏడుపొస్తుందని కొంగు పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఇంటి ముందు ఆయన్ని పడుకోబెట్టిన చోట నిలబడినప్పుడూ రాలేదు. "కోడలికి కండ్లు కూడా తడవలే" అని ఎవరో అనడం వినపడింది. నిజమే. ఇది రాస్తున్నప్పుడూ తడవలేదు.

మాది మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు పక్క పల్లె. మామ టమాటా రైతు. మదనపల్లె మార్కెట్లో రేటు పలికినా పలకకపోయినా ఒకటే ముఖంతో ఇంటికొచ్చే మనిషి. ఒక్కగానొక్క కొడుకు, అంటే నా భర్త, జబ్బు చేసి పోయినప్పుడు కూడా ఆ ముఖమే. ఏడాది తిరక్కముందే నాకు కుప్పంలో ఈ ఉద్యోగం వచ్చింది. డిగ్రీ చదివి పొయ్యి ముందు కూర్చున్నదాన్ని, పక్క ఊరికి కూడా ఒంటరిగా పోయి ఎరగను. పోనని చెప్పేశాను. ఊళ్ళో ఒక పెద్దాయన కూడా "మొగుడు పోయిన పిల్లను యాలప్పా అంత దూరం పంపిచ్చేది?" అని మామను నిలదీశాడు. "ఇంట్లో పెట్టుకోని ఏం చేయమంటావప్పా, పూజ చేయమంటావా?" అన్నాడు మామ.

నేను భయంగా ఉందంటే మాత్రం వెక్కిరించలేదు. "ఉంటే ఉండనీమ్మా. అదీ నీతోనే వస్తాది. దానికేం టికెట్టు అడగరు" అన్నాడు.

ధైర్యం చెప్పేవాళ్ళు మీకూ చాలామందే తారసపడి ఉంటారు. మామ ఆ పని చేయలేదు. మొదటి సోమవారం నాతో కుప్పం దాకా వచ్చి, హాస్టల్ గేటు దగ్గర సంచి దించి, టీ తాగి, వెనక్కి బస్సెక్కాడు. దారంతా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. మాటలు ఇష్టం లేదేమో అనుకున్నాను. శనివారం ఇంటికొచ్చి సోమవారం పోయేదాన్ని; కొన్ని వారాలు అలాగే నాతో వచ్చాడు. ఒకసారి వి.కోట రాగానే లేచి నిలబడి, "ఈడ నాకు తెలిసినాయప్ప ఒకడు ఉండాడు. పలకరిచ్చి పోతా, నువ్వు పోతా ఉండు" అని దిగిపోయాడు. కుప్పం దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు, కుప్పం వచ్చింది.

ఆ తర్వాత ఆ తెలిసినాయప్ప వి.కోట కంటే ముందే వచ్చే పలమనేరుకు మారాడు. ఇంకొన్నాళ్ళకు పుంగనూరులో ఆవును బేరం చేయాలన్నాడు మామ. ఆ ఆవు మా ఇంటికి ఎన్నడూ రాలేదు. చివరికి ఒక సోమవారం మంచం మీద నుంచే "కాలు నొస్తాండాదమ్మా, నువ్వు పో" అన్నాడు. అప్పటికి నాకంతా అర్థమైంది. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అని ఉన్నా, "పో పో, బస్సొస్తాది" అనేవాడు.

కర్మలయ్యాక, ఉద్యోగం మానేస్తానని అత్తతో చెప్పాను. ఆమె ఒక్కతే అయిపోతుందని పైకి అన్నాను గానీ, అసలు సంగతి నాకే కాళ్ళూ చేతులూ ఆడకపోవడం. ఇంటి దగ్గర ఆయన ఉన్నాడనే ఇన్నాళ్ళూ ఒంటరిగా పోగలిగాను. అత్త అనపకాయలు ఒలుస్తూ విన్నది.

"నీతో పోయిందే గానీ, మీ మామ పుంగనూరు దాటి యాడికి పోయినాడమ్మా?" అంది. "ఆయనకు బస్సు పడదు. కడుపులో తిప్పి, వచ్చినాక రెండు దినాలు పండుకునేటోడు. తెలీని ఊరు, ఎట్ట తిరిగొస్తానో అని నాకాడ అనేటోడు. నీకు చెప్పొద్దనేటోడు."

మామకు కూడా భయం ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. ఆ రాత్రి అన్నం తిన్నాను గానీ ఏం తిన్నానో తెలియలేదు.

సోమవారం పొద్దున సంచి తీసుకుని బయటికొస్తే, వాకిట్లో అత్త చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. భర్త పోయిన మనిషి ఇంత తొందరగా గడప దాటకూడదని మా పల్లెలో పట్టింపు. ఎదురింటామె చూస్తూనే ఉంది.

"యాడికత్తా?" అన్నాను.

"పుంగనూరు దాకా వస్తా పద. ఆడ దిగి వెనక్కొస్తా."

బస్సులో ఇద్దరి సీటు దొరికింది. అత్త ముందు సీటు కడ్డీని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు.

"అత్తా, పుంగనూరు" అన్నాను.

ఆమె కిటికీలోంచే చూస్తూ, "తెలుసులేమ్మా. పోనీ" అంది.

కండక్టరు రైట్ రైట్ అన్నాడు. ఆమె కడ్డీ మీది చేతులు తీయకుండా అట్లాగే కూర్చుంది.