బ్రేకు నొక్కి చూస్తే నవ్వు

మా ఆయన సముద్రంలో చేపల వేటకు వెళ్లేముందు వలను ముడి ముడీ తడిమి చూసుకుంటాడు. నేను ముత్తుకూరులో పనికి వెళ్తూ సైకిల్ బ్రేకు నొక్కి చూస్తే మాత్రం ఆయనకు నవ్వు.

"నువ్వేమన్నా సముద్రంలోకి పోతా ఉండావా?" అంటాడు.

కరెంటు ప్లాంటు బూడిద లారీలు తిరిగే ఆ రోడ్డు సముద్రానికేం తీసిపోతుంది?

ఒకరోజు ఉప్పుగాలికి తుప్పుపట్టిన బ్రేకు వైరు తెగేలా ఉందని ఆయనకు చెప్పి, ఆటోలో వెళ్లాను. ఆయన నవ్వి, అదే సైకిలెక్కి బజారుకు పోయాడు. సాయంత్రానికి మోచేతికి కట్టు.

"గట్టిగా చెప్పుంటే వినేవాణ్ణి గదా" అని నన్నే కసిరాడు.

వైరు నేనే మార్పించాను. మర్నాడు బ్రేకు నొక్కి చూస్తుంటే, అరుగు మీద కూర్చుని నాకు నేర్పుతున్నాడు: "ఊరికే నొక్కితే చాలదు, వైరు కూడా చూసుకోవాల."

ఆ కట్టు మోచేతికి కాదు, నోటికి కట్టాల్సింది.