గిల్డో గీసిన దారి

మా హోటల్‌కి వచ్చినవాళ్ళు పెట్టె కింద పెట్టకముందే ఒక ప్రశ్న అడుగుతారు. "ఇక్కడ భోజనానికి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" ఆ ప్రశ్న కోసమే గిల్డో ముప్ఫై నాలుగేళ్ళు ఆ బల్ల వెనక కూర్చున్నాడని నా నమ్మకం. లేకపోతే పదకొండే గదులు, లిఫ్టు లేదు, ఊరంతా కాలవలే కాబట్టి నీళ్ళు పొంగితే కింది అంతస్తులో మోకాళ్ళ దాకా తడి. అలాంటి చోట తాళంచెవులు అందించే పనికి ఏ మనిషైనా జీవితం మొత్తం ధారపోస్తాడా?

నేను బ్రూనాని. అదే హోటల్లో పక్కలు సర్దుతాను. పొద్దున కాఫీ, రొట్టె పెట్టేదీ నేనే. నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరూ అంటారు. అది అబద్ధం కాదు. కానీ నోరు విప్పాల్సిన ఒక్కసారి నేను మూసుకుని కూర్చున్నాను. ఇది రాస్తున్నది అందుకే.

ప్రశ్న వినగానే గిల్డో చెవి మీది పెన్సిలు తీసేవాడు. హోటల్ పేరున్న చీటీ వెనక్కి తిప్పి దారి గీసేవాడు. వంతెన దిగాలి, మందుల షాపు దగ్గర ఎడమకి తిరగాలి, రాతి బావి కనబడితే కుడికి, చివర ఆకుపచ్చ తలుపు. ఏడు నిమిషాల నడక. గీస్తూ గీస్తూ బావి బొమ్మకి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది. దాని మీద రెండు గీతలు ఎక్కువ పెట్టి, అప్పుడు చీటీ చేతికిచ్చేవాడు.

"నేను పంపానని చెప్పనక్కర్లేదు. ఈ చీటీ మాత్రం బల్ల మీద కనబడేట్టు పెట్టండి చాలు" అనేవాడు.

ఆ ఆకుపచ్చ తలుపు వాళ్ళక్క యొలాండా నడిపే భోజనశాలది. ఆరు బల్లలు, వంటింట్లో ఆవిడ, ఆవిడకి సాయంగా షఫీక్ అనే బంగ్లాదేశ్ ఆయన, అంతే. ఊళ్ళోకి వచ్చిన ప్రతివాడికీ ఆ దారి గీసిచ్చిన గిల్డో, తను మాత్రం ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ బావి దాటి ఒక్క అడుగు వెయ్యలేదు.

ఎందుకంటే చెప్తాను. వాళ్ళమ్మ పీనా గాజుపూసలు దండలుగా గుచ్చి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. చివరి రోజుల్లో గుండె చెడి, కాళ్ళు వాచి, డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. ఆవిడ మూడు వారాలు చప్పిడి గంజి తాగింది. ఒకరోజు కూతుర్ని పిలిచి, "ఒక్కసారి బిగోలి చేసిపెట్టవే, ఈ గంజి తాగి పోతే పైన మీ నాన్నకి ఏం మొహం చూపించను?" అని అడిగింది. బిగోలి అంటే లావుపాటి సేమ్యా. ఉల్లిపాయలు కరిగి పేస్టు అయ్యేదాకా మగ్గించి, అందులో ఉప్పుచేప వేసి కలిపితే మా ఇళ్ళలో అదే పండగ. యొలాండా చేసింది. తల్లి తిని, ఫోర్కు కూడా నాకింది. మూడో రోజు పోయింది.

శవపెట్టెని సమాధుల దీవికి తీసుకెళ్ళే పడవలో, అత్తల ముందు, చర్చి ఫాదరు ముందు, గిల్డో అక్కతో అన్నాడు. "ఉప్పు పెట్టి చంపావు అమ్మని."

డాక్టరు తర్వాత చెప్పాడు, ఆ వారం ఎలాగూ గడిచేది కాదని. గిల్డోకి ఆ సంగతి తెలుసు. పడవ దిగకముందే ఆ మాట అన్నందుకు లోపల కుమిలిపోయాడని నాకూ తెలుసు. కానీ క్షమించమని అడగడానికి వెళ్ళలేదు. వాళ్ళ ఇంట్లో మొండితనం అందరికీ సమానంగా వచ్చింది. ఆవిడా రాలేదు.

ఇంత చిన్న ఊళ్ళో ఇద్దరు మనుషులు ఎదురుపడకుండా బతకడం మామూలు కష్టం కాదు. రొట్టె కోసం గిల్డో మూడు వంతెనలు ఎక్కువ ఎక్కేవాడు. చనిపోయినవాళ్ళ పండగ నాడు ఆవిడ పొద్దుటి పడవలో తల్లి సమాధికి వెళ్ళేది, ఈయన మధ్యాహ్నం పడవలో వెళ్ళేవాడు. వెళ్ళేసరికి చామంతులు అప్పటికే కుండీలో ఉండేవి. తను తెచ్చినవి వాటి పక్కనే గుచ్చి వచ్చేవాడు.

రెండేళ్ళు అలా గడిచాక చీటీలు మొదలయ్యాయి. మొట్టమొదట పంపింది ఒక ముసలి జర్మన్ దంపతుల్ని. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆ పెద్దాయన అన్నాడు, "చీటీ చూసి వంటావిడ బయటికి వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. కానీ మేం అడక్కుండానే ముందుగా ఒక చిన్న గిన్నెలో ఏదో పెట్టింది. ఉల్లిపాయ, చేప, లావు సేమ్యా. పేరు తెలీదు కానీ ఎంత బాగుందో."

గిల్డో నా వైపు తిరిగి నిలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ తీసి మళ్ళీ తుడిచాడు. తల్లి పోయాక యొలాండా ఆ వంటని తన భోజనశాలలో మానేసిందని ఊళ్ళో అందరికీ తెలుసు. గిల్డో పంపిన మనుషుల కోసం మాత్రం చేసింది. అలా పందొమ్మిదేళ్ళు చేసింది.

అప్పట్నించీ పొద్దున్నే నా కాఫీ గదిలో ఒక తంతు. అతిథి కూర్చోగానే గిల్డో వచ్చేవాడు.

"బాగా తిన్నారా?"

"బాగా తిన్నామండీ."

"మొదట్లో చిన్న గిన్నె వచ్చిందా?"

"వచ్చింది."

"ఎలా ఉంది?"

అడిగి, కళ్ళు మూసుకుని వినేవాడు. నేను ఊరుకుంటానా? "ఏమయ్యా గిల్డో, ఏడు నిమిషాలు నడవలేక ఊళ్ళవాళ్ళ నోటితో తింటున్నావా?" అని ఎత్తిపొడిచేదాన్ని.

"నీ పక్కదుప్పట్లు చూసుకో బ్రూనా. నాలుగో గదిలో దిండు గలీబు తిరగేసి తొడిగావు" అనేవాడు.

ఉల్లిపాయలు కొంచెం మాడాయని ఎవరైనా అంటే, "నడుం నొప్పి మొదలైనట్టుంది, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది" అని తనలో తను గొణిగేవాడు. చాలా బాగుందంటే ఆ రోజు నాకు కూడా కాఫీ తనే కలిపిచ్చేవాడు. ఫోనుల్లో స్టార్లు చూసి భోజనశాలలు ఎంచుకునే కాలం వచ్చాక చీటీ అడిగేవాళ్ళు తగ్గారు. అప్పుడు గిల్డో వాళ్ళ వెంటపడి మరీ ఇచ్చేవాడు. "ఫోను పక్కన పెట్టండి, నా మాట వినండి" అని బతిమాలేవాడు. జీతానికి పనిచేసే మనిషి అలా బతిమాలడం చూడలేక నేను దుప్పట్లు తీసుకుని మేడెక్కేసేదాన్ని.

పోయిన సెప్టెంబరులో ఒక డచ్చి జంట వచ్చారు. మర్నాడు గిల్డో ఎప్పటిలాగే అడిగాడు. ఆ అమ్మాయి మొహమాటపడుతూ, "ఆ చిన్న గిన్నె... ఏమీ అనుకోకండి, తినలేకపోయాం. నోట్లో పెట్టలేనంత ఉప్పు" అంది.

వాళ్ళ నోరే బాగాలేదని నేను తిట్టుకున్నాను. కానీ నాలుగు రోజుల తర్వాత ఇంకొకరు అదే మాట అన్నారు. ఆ పై వారం ఒక స్పెయిన్ కుటుంబం, నలుగురూ గిన్నెలు అలాగే వదిలేశామని చెప్పారు. వంటావిడ వచ్చి ఆ గిన్నెల వంక చూసి, తనే ఎత్తుకెళ్ళిందట.

గిల్డో కాఫీ గదిలోంచి వెళ్ళి బల్ల వెనక కూర్చున్నాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"యొలాండా చెయ్యి ఉప్పులో తప్పే చెయ్యి కాదు. ఆవిడకి ఏదో అయింది. వెళ్ళి చూడు."

"వెళ్ళి ఏమనమంటావు?"

"ఉప్పు ఎక్కువవుతోంది, ఒంట్లో బాగుందా అని అడుగు. అదేం బ్రహ్మవిద్యా?"

అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. "ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఉప్పు గురించే మాట్లాడమంటావా? ఆ మాట నా నోట రెండోసారి వింటే అది బతుకుతుందా?"

"అయితే నేను వెళ్తాను."

"వెళ్ళవు. నీ పిల్లల మీద ఒట్టు వెయ్యి, ఆ మాట దాని చెవిన వెయ్యనని."

వేశాను. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను కూడా. జీవితంలో సగం మాటలు నిలబెట్టుకోని దాన్ని, సరిగ్గా ఆ ఒట్టునే ఎందుకు పట్టుకుని వేలాడానో ఇప్పటికీ తెలీదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాటి నుంచి గిల్డో వేరే దారి గీయడం మొదలుపెట్టాడు. వంతెన దిగి కుడికి, చర్చి వెనక నుంచి, ఎర్ర తెర కట్టిన ఇంకో భోజనశాల. నేను నిలదీస్తే, "కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉండనీ. తినకుండా వదిలేసిన గిన్నెలు దాని చేత ఎందుకు ఎత్తించాలి? చలికాలం వెళ్ళనీ, చెయ్యి మళ్ళీ కుదురుతుంది. అప్పుడు పంపుతా" అన్నాడు. అక్క పరువు కాపాడుతున్నానని నిజంగానే అనుకున్నాడు పిచ్చివాడు. ఆ కొత్త దారిలో బావి లేదు. పొద్దున కాఫీ గదికి రావడమూ మానేశాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున రొట్టె తేవడానికి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. "రొట్టె ఏదయ్యా? పై గదులవాళ్ళు దిగుతున్నారు" అని కసిరాను. తడిసిన కోటుతోనే కూర్చున్నాడు. నేనే గొణుక్కుంటూ వెళ్ళాను. రొట్టెల కొట్టు పక్క గోడ మీద, ఎవరు పోయినా కాగితం అంటించే చోట, యొలాండా ఫోటో ఉంది. కింద పేరు, డెబ్భై ఒకటి అని వయసు. జిగురు ఇంకా ఆరలేదు.

అదే దీవికి, అలాంటి పడవలోనే తీసుకెళ్ళాం. గిల్డో దారి పొడవునా పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చెప్పాల్సిన మాటలన్నీ ఉన్న మనిషికి అప్పుడు ఒక్కటీ దొరకలేదు.

వారం తర్వాత షఫీక్ మా హోటల్‌కి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, జుట్టు మొత్తం నెరిసిపోయింది. చేతిలో గుడ్డ చుట్టిన గాజు సీసా ఉంది. కాఫీ గదిలో కూర్చోబెట్టాను. గిల్డో ఎదురుగా కూర్చున్నాడు.

"వేసవిలోనే తెలిసిందండీ, గొంతులో క్యాన్సరు పుండని" అన్నాడు షఫీక్. "ఆస్పత్రిలో కరెంటు పెట్టారు. దాంతో నాలుకకి రుచి పోయింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. మిగతా వంటలన్నీ నాకు వదిలేశారు గానీ ఆ గిన్నె మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. మా తమ్ముడి మనుషులకి నేనే చెయ్యాలి అనేవారు."

షఫీక్ సీసాని బల్ల మీద పెట్టాడు.

"మీ మనుషులు రావడం ఆగిపోయినా రోజూ ఉల్లిపాయలు మగ్గించేవారు. ఫోనులొచ్చాయి షఫీక్, వాణ్ణి ఎవరూ అడగట్లేదేమో అనేవారు. తర్వాత నవంబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడపిల్లలు వానలో తడుస్తూ గుమ్మంలోకొచ్చారు. దారి తప్పాం, ఈ చోటు ఎక్కడండీ అని చీటీ చూపించారు."

ఆ చీటీ ఎవరిదో చెప్పనక్కర్లేదు.

"చేతులు తుడుచుకుని తీసుకున్నారు. చాలాసేపు చూశారు. ఎర్ర తెర భోజనశాలకి దారి అది. ఆవిడే గొడుగు పట్టుకుని బావి దాకా వెళ్ళి, ఎటు వెళ్ళాలో చూపించి వచ్చారు. వచ్చి, అక్కడా బాగానే వండుతారు అన్నారు. ఆ తర్వాత చిన్న గిన్నెలన్నీ కడిగి నా చేతికిచ్చారు. పై అరలో పెట్టెయ్ షఫీక్, వాడికి ఇంకా కోపం తగ్గలేదు అన్నారు."

"కోపం కాదు" అన్నాడు గిల్డో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కోపం కాదు షఫీక్."

"నాకేం తెలుసండీ" అన్నాడు షఫీక్. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తెలిస్తే చెప్పేవాణ్ణి కదా."

సీసా మీది గుడ్డ విప్పాడు. యొలాండా చివరిసారి మగ్గించిన ఉల్లిపాయ, ఉప్పుచేప ముద్ద అది; ఎవరైనా వస్తే వేడి చేసి పెట్టమని ఫ్రీజర్‌లో పెట్టిందట. పారెయ్యడానికి చేతులు రాలేదన్నాడు.

గిల్డో నా వైపు చూశాడు. కాఫీ కాచే పొయ్యి మీదే నీళ్ళు పెట్టి బిగోలి ఉడికించాను, సీసాలోది వేడి చేసి కలిపాను. ఉల్లిపాయల వాసన గదంతా నిండింది, వాళ్ళమ్మ ఇంట్లో వచ్చే వాసనే. పళ్ళెం పెట్టేముందు ఒక పోగు నోట్లో వేసుకున్నాను. సముద్రం మింగినట్టుంది. సింకులో ఉమ్మేశాను.

"గిల్డో, వద్దు. నీకు బీపీ ఉంది" అన్నాను.

వినలేదు. తల వంచుకుని తిన్నాడు. తొందర లేదు, ఆగడమూ లేదు. కన్నీళ్ళు ముక్కు మీదుగా పళ్ళెంలో పడుతుంటే తుడుచుకోలేదు. చివర రొట్టె ముక్కతో పళ్ళెం కూడా ఊడ్చి తిన్నాడు. నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.

తర్వాత షఫీక్ వంక చూశాడు.

"ఉప్పు సరిపోయింది" అన్నాడు. "అక్కతో చెప్పు. ఉప్పు సరిగ్గా సరిపోయిందని చెప్పు."

"చెప్తానండి" అన్నాడు షఫీక్.