కండక్టర్‌కి ఎదురెళ్ళిన దర్జీ పిన్ని

అప్పటిదాకా దర్జీ పిన్ని ఎప్పుడూ రైలు టికెట్ ముందురోజు సాయంత్రమే కొనేది. "టికెట్ లేకుండా రైలెక్కడమంటే కొలతల్లేకుండా గుడ్డకి కత్తెర పెట్టడమే" అనేది. అలాంటి మనిషి ఆ ఉదయం నల్లకోటు మూట చంకలో పెట్టుకుని, చేతిలో టికెట్ లేకుండా స్టేషన్లోకి వచ్చిపడింది.

పక్క ఊరి కోర్టులో ఆమె అక్క కూతురు ఆ రోజే మొదటి కేసు వాదించబోతోంది. కోటు లేనిదే జడ్జి నోరు విప్పనివ్వడు. ఆ కోటు ఎడమ భుజం మొండికేసి రెండుసార్లు విప్పి కుట్టించుకుంది. ముందురోజు సాయంత్రం టికెట్ కోసమైనా పిన్ని మిషను ముందునుంచి లేస్తే ఒట్టు.

కౌంటర్ దగ్గర క్యూ చాంతాడంత ఉంది. రైలు కూతేసింది.

"బాబూ, టికెట్టూ!"

"ఎక్కెయ్యండమ్మా!" అద్దం వెనకనుంచి గుమాస్తా అరిచాడు. "రైల్లోనే ఇస్తారు. మీరే వెళ్ళి కండక్టర్ని అడగాలి. ఆయనే మీ దగ్గరికొచ్చాడో, తర్వాతి స్టేషన్లో దింపేస్తాడు!"

ఆ మాట పిన్ని బుర్రలో మేకులా దిగింది. ఎక్కిందే తడవు, పెట్టెలోంచి పెట్టెలోకి ఒకటే పరుగు.

"టికెట్ లేదు కాబోలు, పారిపోతోంది" అన్నాడొక పెద్దాయన.

"పారిపోవడం కాదయ్యా, పట్టుకోడానికి పోతున్నా!"

ఇంజను పక్క పెట్టె దాకా వెళ్ళినా కండక్టర్ జాడ లేదు. ఉసూరుమని వెనక్కి తిరిగితే, నడవా చివర ఆయనే! ఈమె పరుగు చూసి, వెనక పెట్టెలనుంచి రొప్పుతూ వెంటపడి వచ్చాడు.

"ఆగండమ్మా!"

"మీరే ఆగండి! ఒక్క అడుగు వేశారంటే ఒప్పుకోను. నేనే వస్తా!"

కండక్టర్ కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. పెట్టెలో వాళ్ళంతా మెడలు సాచి చూశారు. పిన్ని మూట సర్దుకుని, దర్జాగా నడిచి ఆయన ముందు నిలబడింది.

"నా అంతట నేనే వచ్చా. అందరూ చూశారుగా? ఇప్పుడివ్వండి టికెట్."

"నన్ను చూసి పరిగెత్తేవాళ్ళే గానీ, నాకోసం పరిగెత్తిన మనిషి మీరే తల్లీ!" నవ్వాపుకోలేక టికెట్ కొట్టిచ్చాడాయన.

కోర్టు మెట్ల మీద అక్క కూతురు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"పిన్నీ, నా కేసు పిలిచేస్తున్నారే!"

"నోరు లోపల వాడుదువుగానీ, ముందు చెయ్యి దూర్చు."

కాలరు దగ్గర వేలాడుతున్న తెల్ల దారాన్ని పంటితో కొరికి, పిల్లని లోపలికి తోసింది. తలుపు పడేలోపే ఆ గొంతు ఖంగున మోగింది. పిన్నికి ఒళ్ళు పులకరించింది.

తిరుగు ప్రయాణంలో ఆ ఊరి స్టేషన్ కౌంటర్ ముందు నరమానవుడు లేడు.

"ఎక్కడికమ్మా?" అని గుమాస్తా పిలిచినా పిన్ని ఆగలేదు. గబగబా రైలెక్కి, నడవాలో అడుగుపెడుతూనే కేకేసింది:

"కండక్టర్ గారూ, ఉన్నచోటే ఉండండి. వస్తున్నా!"