ఆవకాయ నుంచి ఉసిరికాయ దాకా

మా మేనత్త పోయిందని మొన్న శుక్రవారం పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. నిద్రలోనే పోయిందట. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ముందురోజు సాయంత్రమే కదా, డ్యూటీలో ఉన్నానని చెప్పినా వినకుండా, "ఈ నెల వచ్చిందా లేదా, అది చెప్పి పెట్టెయ్" అని అరిచింది! ఆ గొంతుకి స్పీకరు అక్కర్లేదు. జీపు ముందు సీట్లో ఉన్న మా ఎస్సైగారు బాపులపాడు పొలాలను తెగ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. "వచ్చింది తల్లీ, పెట్టెయ్" అన్నాను విసుగ్గా. మా ఇద్దరికీ అదే ఆఖరి మాట అయింది.

ముసునూరులో మా ఇల్లూ ఆవిడ ఇల్లూ పక్కపక్కనే. మధ్యలో ఓ పొట్టి గోడ. దాని మీద మోచేతులు ఆనించి మా వంటింటి పెత్తనమంతా అవతల నుంచే చేసేది. తల తుడుచుకో, చెప్పులేసుకో, ఆ ఎండలో ఎక్కడికే. మంచి మాటైనా తిట్టినట్టే ఉండేది.

అన్నిటికన్నా నాకు పడనిది పచ్చళ్ళ దగ్గర ఆవిడ చాదస్తం. నెలసరిలో ఉన్నవాళ్ళను మా వైపు 'బయటున్నారు' అంటారు. బయటున్న మనిషి జాడీ దరిదాపులకు రాకూడదు, వస్తే పచ్చడి బూజు పడుతుందనేది. "తడి గరిటె పెడితే పడుతుంది బూజు" అని నేను. "నోర్మూసుకుని అరుగు మీద కూర్చో" అని ఆవిడ. ఏటా ఇదే తగువు.

కానిస్టేబుల్ నోటిఫికేషను పడ్డ ఏడాది నాకు పరుగు పిచ్చి పట్టింది. పొద్దున పరుగు, సాయంత్రం పరుగు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని కోచింగ్ సారు చెప్పాడు, ఫోనులో వీడియోలూ అదే చెప్పాయి. అన్నం మానేశాను. కీరా ముక్కలు, గుడ్లలో తెల్లసొన, మధ్యాహ్నం ఒక పుల్కా. ఇంటినిండా చిన్నరసాలు గడ్డిలో మాగుతుంటే ముక్కు మూసుకుని తిరిగేదాన్ని. "నూజివీడు పక్కన పుట్టి మామిడిపండు వద్దనే దాన్ని నిన్నే చూశానే!" అని అత్త నెత్తీ నోరూ బాదుకునేది.

ఆ మధ్యలో నెలసరి ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. ప్యాడ్ల గొడవ లేదు, గ్రౌండులో నాగా లేదు. "నాకూ అంతే, బాగా పరిగెడుతున్నట్టు లెక్క" అంది నాతోపాటు పరిగెత్తే అమ్మాయి. నాకింకేం కావాలి!

పైగా ఆ వేసవిలో వీధిలో ఏ ఇంట్లో పచ్చడి పెట్టినా నాకే పిలుపు. వాళ్ళ కోడలు బయటుంది, వీళ్ళమ్మాయి బయటుంది, నేనెప్పుడూ ఖాళీయే. వడియాలకీ నేనే, ఆవకాయకీ నేనే. పిల్ల పనిమంతురాలైందని అమ్మ మురిసిపోయింది. అత్త మాత్రం మాగాయ ముక్కలు ఎండబోస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఏవే, వడియాల దగ్గర్నుంచీ చూస్తున్నా. ఒక్కసారైనా అరుగెక్కావా నువ్వు?"

"లేదు."

"ఎవడైనా ఉన్నాడా?"

"అత్తా!"

"అడక్కేం చేస్తారే! పద, డాక్టరు దగ్గరికి."

నూజివీడు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ నోరు తెరవకముందే, "నేనడిగేశాన్లెండి, ఎవడూ లేడంట" అని అరిచింది. బయట బెంచీ మీదున్నవాళ్ళంతా విన్నారు. డాక్టరమ్మ అయినా ఆ పరీక్ష చేయించింది, థైరాయిడ్ చూసింది, ఏం తింటున్నావు, ఎంత పరిగెడుతున్నావు అని అడిగింది. కాలి ముందెముక నొక్కితే కెవ్వుమన్నాను.

"నువ్వు తినేది ఆ పరుగుకే చాలట్లేదమ్మా, ఇంక ఒంటికేం మిగులుతుంది? అందుకే నెలసరి ఆగింది. ఇలాగే ఉంటే ఎముకలు గుల్లబారిపోతాయి. కాలికి స్కాన్ తీద్దాం. కొన్నాళ్ళు పరుగు ఆపెయ్, కడుపునిండా తిను."

"సెలక్షన్లున్నాయండీ" అని ఏడ్చాను.

"కాలిరగ్గొట్టుకుని ఏ దొంగని పట్టుకుంటావే?" అంది అత్త.

ఆ ఏడాది సెలక్షన్లకి వెళ్ళలేకపోయాను. ఆ ఉక్రోషమంతా ఆవిడ మీదే చూపించాను. ఆవిడ పట్టించుకుంటేగా! గోడ మీద నుంచి ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నం గిన్నె వచ్చేది. "తింటావా, గోడ దూకి రమ్మంటావా?" అనేది. ఆ భారీ మనిషి గోడ దూకడం తలుచుకుని భయపడి తినేదాన్ని. రోజూ పొద్దున్నే, వీధంతా వినేట్టు, "వచ్చిందా?" రాలేదంటే ఇంకో ముద్ద. కాలు నయమైంది. ఒళ్ళు వచ్చింది. నెలసరి మాత్రం రాలేదు. వినాయక చవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది. "ఇంక రాదేమో అత్తా. నాకు పిల్లలు పుట్టరేమో" అన్నాను ఓ రోజు. తిడుతుందనుకున్నాను. గోడ మీద గిన్నె పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

కార్తీక మాసంలో ఓ మధ్యాహ్నం అత్త పెరట్లో పెద్ద బేసిను ముందు కూర్చుని ఉసిరికాయ పచ్చడి కలుపుతోంది. నేను గోడకి ఇవతలే, అడుగు దూరంలో నిలబడ్డాను.

"అత్తా, నేను బయటున్నాను."

కలుపుతున్న చెయ్యి ఆగింది. మోకాళ్ళ నొప్పులావిడ, ఎలా లేచిందో లేచి గోడ దగ్గరకు వచ్చింది. మోచేతుల దాకా నూనె, కారం. ఆ చేతులతోనే అందుకుని, నా రెండు బుగ్గలూ పట్టుకుంది.

"నా తల్లే, నా బంగారే!"

"అత్తా! నన్ను ముట్టుకున్నావ్! పచ్చడీ..."

"పోతే పోయింది, వెధవ పచ్చడి!"

నా బుగ్గలు భగ్గున మండుతున్నాయి. ఆవిడ భుజంతో కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వెళ్ళి, పీట మీద కూలబడి, చేతులు కడుక్కోకుండానే బేసినులో మోచేతుల దాకా పెట్టి కలపడం మొదలుపెట్టింది.