ముందు నకలు, తర్వాత చెరుపు

చిప్పుల మాస్టారింట్లో వెనక గది తలుపు పూర్తిగా తెరుచుకుని ఇరవై రెండేళ్లయింది. తలుపు వెనకే తిష్ఠ వేసింది మరి ఆ మహాతల్లి! బీరువా అంత డబ్బా, పచ్చ అక్షరాల తెర, అన్నం పళ్లేలంత ఫ్లాపీలు మింగే రెండు నోళ్లు.

తూకం యంత్రాలు చేసే కంపెనీలో, వాటి లోపలి చిప్పుల్లోకి ప్రోగ్రాములు ఎక్కించడం మాస్టారి ఉద్యోగం. అందుకు వాడిన కంప్యూటర్ ఇది. కంపెనీ కొత్తది కొని దీన్ని మెట్ల కింద పడేస్తే, బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడు. ప్రతి ఆదివారం ఆన్ చేస్తాడు. అది కిర్రుమంటూ లేచి, పచ్చగా "రెడీ" అంటుంది. ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ తర్వాత ఏం చేస్తాడయ్యా అంటే, ఆఫ్ చేస్తాడు.

ఇప్పుడు ఆయన భార్య అక్కగారికి మోకాలి ఆపరేషన్ అయింది. సోమవారం నుంచి ఆవిడ ఉండాల్సింది ఆ గదిలోనే.

"దాన్ని తుక్కువాడికి ఇవ్వలేనే. ప్రాణం పోయినంత పనవుతుంది."

"తుక్కుకి ఇవ్వమన్నానా? మంచి చోటు చూడమన్నాను. పిల్లకి సంబంధాలు చూసినట్టు చూస్తున్నారు, ఒక్కటీ నచ్చదు మీకు!"

ఎలా నచ్చుతుంది? కాలేజీవాళ్లు ఎలక్ట్రానిక్ చెత్త మీద అవగాహన కోసం గేటు దగ్గర పెడతామన్నారు. ఒక సినిమా ఆయన ఎంతో మర్యాదగా ఫోన్ చేసి, పేల్చడానికి బాగుంటుందన్నాడు. మాస్టారు ఆ పూట అన్నం ముట్టలేదు.

చివరికి మ్యూజియం ఆఫీసరు సరేనన్నాడు. గాజు గది, ఏసీ, దాత పేరుతో బోర్డు! శనివారం పొద్దున ఫారం పంపాడు. అందులో ఏడో గడి: "వస్తువు పనిచేయదని దాత ధ్రువీకరిస్తున్నారు."

మాస్టారు వెంటనే ఫోన్ చేశాడు. "పనిచేస్తుందండీ! నిక్షేపంలా ఉంది."

"అయ్యో, అలాగైతే కష్టమండీ. పనిచేస్తే కరెంటు సామాను కిందికొస్తుంది. చూసుకోడానికి మనిషి కావాలి, ఆ పోస్టు లేదు. పనిచేయకపోతే చరిత్ర కిందికొస్తుంది. చరిత్రకి మనిషి అక్కర్లేదు. పనిచేయదని రాసి పడేద్దురూ!"

ఇంకొకడైతే రాసి పడేసేవాడే. మన మాస్టారు సత్యసంధుడాయె! అబద్ధం రాయలేక, రాసేది నిజమయ్యేలా చేద్దామనుకున్నాడు.

ఆ యంత్రాన్ని లేపేది లోపలున్న ఒకే ఒక్క చిప్పు. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. కిటికీ మీద అంటించిన కాగితం పీకి, అతినీలలోహిత కాంతి చిమ్మే ఊదా దీపం డబ్బాలో ఇరవై నిమిషాలు పెడితే లోపలి రాతంతా తుడిచిపెట్టుకుపోతుంది. కావాలంటే మళ్లీ రాసుకోవచ్చు, బెంగలేదు. "ముందు నకలు, తర్వాత చెరుపు" అని కింది ఇంజనీర్లకి ముప్పై ఏళ్లు నూరిపోసిన మనిషి ఆయన. అలాగే బుద్ధిగా నకలు ఫ్లాపీలోకి ఎక్కించాడు, ఆ తర్వాతే చెరిపాడు. చిప్పు తిరిగి పెట్టి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. ఏడో గడిలో నిశ్చింతగా సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే ఆఫీసరు వ్యానుతో సహా వచ్చాడు. "శుభవార్తండీ! నిన్న సాయంత్రం కొత్త డైరెక్టరుగారు సర్క్యులర్ ఇచ్చారు. చచ్చిన వస్తువులు ఇక వద్దట, పనిచేసేవే కావాలట. వారానికోసారి మీరే వచ్చి ఆన్ చేయొచ్చు. ఏదీ, ఒకసారి చూపించండి!"

మాస్టారికి ఆనందంతో కళ్లనీళ్లు తిరిగాయి. "అరగంట ఆగండి, చిప్పు రాసేస్తాను" అంటూ ఫ్లాపీ తీసి, యంత్రం నోట్లో సగం దాకా పెట్టి, ఆగిపోయాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఈ ఫ్లాపీ చదవాలంటే ఇది లేవాలే."

"లేపండి."

"లేవాలంటే చిప్పులో రాత ఉండాలి. ఆ రాత ఫ్లాపీలో ఉంది."

"ఇలాంటిది ఇంకెక్కడా లేదా?"

"ఇదే ఆఖరిది."

"అంటే బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసేశారన్నమాట!" నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. "పోనీ, అక్కని హాల్లో పడుకోబెడతాను. ఉంచుకోండి."

"ఉంచుకుని ఏం చేయనే? ఆన్ చేయనా?"

ఆఫీసరు పాపం మంచివాడే. సంచిలోంచి ఇంకో ఫారం తీశాడు. "పనిచేయనివి గోడౌన్‌కి తీసుకెళ్తామండీ, తుక్కు వేలానికి. ఇక్కడ 'పాడవడానికి కారణం' అని ఉంది కదా, పాతబడిందని రాయండి, చాలు."

మాస్టారు కలం పట్టుకున్నాడు. అబద్ధం రాయడం ఆయనకి ఇప్పటికీ చేతకాలేదు. కారణం దగ్గర "నేనే" అని రాసి, కింద సంతకం పెట్టి, ఆఫీసరు ముందే వెక్కివెక్కి ఏడ్చాడు.